పి65 లోపలికి వెళ్లింది, మరి ఐఎల్-6 ఏది? (ప్రాజెక్టు డైరీ)

ఫిబ్రవరి 6

ఇవాళ మేడమ్ ప్రాజెక్టు ఖాయం చేశారు. నేను నాలుగు పేజీల ప్రపోజల్ రాసుకుని వెళ్తే దాన్ని పక్కన పెట్టి, వైట్‌బోర్డు మీద రెండు గీతలు గీశారు. మొదటిది ఎల్‌పీఎస్ (కణాల్ని రెచ్చగొట్టే బ్యాక్టీరియా పదార్థం) వేసిన అరగంటకే పైకి లేచింది. రెండోది చాలాసేపు నేల మీదే పాకి, తర్వాతెప్పుడో లేచింది.

"మొదటిది కేంద్రకంలో ఉన్న పి65. రెండోది ఐఎల్-6 ఎంఆర్ఎన్ఏ. పి65 అరగంటకే లోపలికి వెళ్లిపోయింది కదా, ఐఎల్-6 ఎందుకంత ఆలస్యం? పేపర్లలో జవాబు ఉంది. నాకు పేపర్ వద్దు, నువ్వు చేసిన బ్లాట్ కావాలి" అన్నారు.

ఈ డైరీ చదివేవాళ్లలో బయాలజీ వదిలేసి ఏళ్లయినవాళ్లూ ఉంటారు కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను. పి65 ఒక ప్రొటీన్. ఐఎల్-6 కణాలు వదిలే వాపు సంకేతం, ఎంఆర్ఎన్ఏ అంటే జన్యువు నుంచి తీసిన నకలు. బ్లాట్ అంటే ప్రొటీన్లను సైజు ప్రకారం జెల్ మీద వేరు చేసి, కావాల్సినదాన్ని గీతలా చూసే పరీక్ష. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అవే జన్యువులుంటాయి. కాలేయ కణం కాలేయ కణంలా, మాక్రోఫేజ్ (బ్యాక్టీరియాను మింగే రక్షణ కణం) మాక్రోఫేజ్‌లా ఉండడానికి కారణం, ఏ కణం ఏ జన్యువులను చదువుతోంది అన్నదే. డీఎన్ఏ మీద ఓ చిన్న అక్షరాల వరుసను గుర్తుపట్టి, అక్కడ కూర్చుని, ఫలానా జన్యువును చదవమనో వద్దనో చెప్పే ప్రొటీన్లే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. ఇంటర్ తెలుగు మీడియంలో 'అనులేఖనం' అని చదువుకున్నాను, ల్యాబ్‌లో ఆ మాట అంటే నావైపు వింతగా చూశారు. మనిషిలో ఈ ఫ్యాక్టర్లు దాదాపు 1,600 ఉన్నాయి.

నాకు దొరికినది ఎన్ఎఫ్-కప్పా బి. మేడమ్ చెప్పిన పి65 ఇందులో ఒక భాగం. 1986లో అమెరికాలో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ దీన్ని పట్టుకున్నారు. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల్లో యాంటీబాడీకి చెందిన కప్పా గొలుసు జన్యువు పనిచేస్తుంటుంది. దాని ఎన్‌హాన్సర్ (జన్యువు జోరు పెంచే డీఎన్ఏ భాగం) మీద ఏ ప్రొటీన్ కూర్చుంటోందో వాళ్లు వెతికారు. పేరులో కప్పా, బి అలా వచ్చి చేరాయి. ఇది బీ కణాలకే పరిమితం కాదని, దాదాపు అన్ని కణాల్లోనూ ఉంటుందని తర్వాత తెలిసినా పేరు మారలేదు. అదే ఏడాది వచ్చిన వాళ్ల రెండో పేపరే నాకు ఎక్కువ నచ్చింది. కణంలో కొత్త ప్రొటీన్ల తయారీని పూర్తిగా ఆపేసినా, ఉద్దీపన ఇవ్వగానే ఈ ఫ్యాక్టర్ లేచి కూర్చుంది. అంటే అది ముందే తయారై ఎక్కడో దాక్కుని ఉందన్నమాట.

ఈ టాపిక్ ఎంచుకోవడానికి నాకో సొంత కారణం కూడా ఉంది. 2021 మేలో నాన్న కోవిడ్‌తో ఆస్పత్రిలో ఉన్నప్పుడు వాట్సాప్‌లో రోజూ రిపోర్టులు వచ్చేవి: సీఆర్‌పీ, డీ-డైమర్, ఐఎల్-6. ఆ ఏడాది మన రెండు రాష్ట్రాల్లో ఈ మూడు పేర్లు తెలియని ఇల్లు లేదేమో. నేను అప్పుడు డిగ్రీలో ఉన్నాను. ఐఎల్-6 అంకె పెరిగితే భయపడాలని తప్ప ఏమీ తెలియదు. నాన్నకు డెక్సామెథాసోన్ ఇచ్చారు, కోలుకున్నారు. ఆ మందు కణంలో గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌కి అతుక్కుంటుందని, ఆ రిసెప్టర్ కూడా ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరేనని, అది చేసే పనుల్లో ఒకటి ఎన్ఎఫ్-కప్పా బిని అణచడమని ఎమ్మెస్సీలో తెలిసింది. ఒక ఫ్యాక్టర్‌ని ఇంకో ఫ్యాక్టర్ మీదికి ఉసిగొల్పడం అన్నమాట. ఆ క్లాసులో సగం వినలేదు, నాన్న రిపోర్టులే గుర్తొస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 20

కణాలు వచ్చాయి. రా 264.7. మగ బాల్బ్-సీ ఎలుకలో ఏబెల్సన్ వైరస్ కలిగించిన కణితి నుంచి 1970ల్లో తీసిన మాక్రోఫేజ్ కణాలివి. పెంచడం తేలిక, పాడు చేయడం ఇంకా తేలిక.

సీనియర్ అక్క మొదటి రోజే రెండు విషయాలు చెప్పింది. కణాల్ని ఊడదీసే ఎంజైమ్ ట్రిప్సిన్ వేయొద్దు, స్క్రేపర్‌తో మెల్లగా గీకి తియ్యి. పాసేజ్ నంబరు (కణాల్ని ఎన్నిసార్లు కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చామో ఆ లెక్క) ఫ్లాస్క్ మీద రాయకుండా ఇంటికి వెళ్లొద్దు. ఈ కణాలను మరీ ఎక్కువ పాసేజ్‌లు నడిపితే స్వభావం మారిపోతుంది. ఎల్‌పీఎస్‌కి స్పందించడం తగ్గిపోయాక కూడా చూడ్డానికి బాగానే ఉంటాయి, అదే ప్రమాదం. మా ల్యాబ్ లెక్క ప్రకారం 20 దాటితే కొత్త వయల్ (గడ్డకట్టించి దాచిన కణాల సీసా) తీయాలి.

మైక్రోస్కోప్ కింద ప్రశాంతంగా ఉన్న కణాలు గుండ్రంగా సగ్గుబియ్యంలా ఉంటాయి. రెచ్చిపోయినవి పరుచుకుని కొమ్మలు వేస్తాయి. కంటితోనే తేడా తెలుస్తుంది. ఇది తర్వాత చేర్చిన మాట: ఈ సంగతి ఏప్రిల్‌లో నా పరువు కాపాడాల్సింది, కాపాడలేదు. అది తర్వాత చెప్తాను.

మార్చి 5

మొదటి వెస్టర్న్ బ్లాట్. మొదటి పెద్ద తప్పు.

ఎల్‌పీఎస్ అంటే ఈ.కోలై లాంటి గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా పైపొరలో ఉండే కొవ్వు-చక్కెర ముద్ద. మాక్రోఫేజ్ మీద టీఎల్ఆర్4 అనే రిసెప్టర్ దీన్ని పసిగడుతుంది. 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం, ఎల్‌పీఎస్‌కి అసలు స్పందించని ఎలుకల్లో లోపం టీఎల్ఆర్4 జన్యువులోనే ఉందని కనిపెట్టింది. 2011 నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. నేను మి.లీ.కి 100 నానోగ్రాముల చొప్పున వేసి 0, 15, 30, 60, 120 నిమిషాలకు కణాలు తీశాను. కణాల్ని మొత్తంగా పగలగొట్టి తీసిన లైసేట్ నడిపి, పి65ని పట్టుకునే యాంటీబాడీతో చూశాను.

ఐదు లేన్లు (ఒక్కో సమయానికి ఒక వరుస), ఐదు బ్యాండ్లు (ప్రొటీన్ గీతలు), ఐదూ ఒకేలా ఉన్నాయి.

ఎల్‌పీఎస్ పాడైందేమో, యాంటీబాడీ పాడైందేమో అని రెండు రోజులు టెన్షన్ పడి, చివరికి మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆమె బ్లాట్ చూసి నవ్వేశారు. "హాల్లో ఉన్నవాడు లేచి పడగ్గదిలోకి వెళ్లాడు. నువ్వు ఇంట్లో ఎంతమంది ఉన్నారని తలలు లెక్కపెడుతున్నావు. లెక్క ఎందుకు మారుతుంది?"

అవును కదా. పి65 మొత్తం పెరగదు, దాని చోటు మారుతుంది. కేంద్రకం బయట ఉండే సైటోప్లాజంలో ఐకప్పాబి-ఆల్ఫా అనే కాపలాదారు దాన్ని పట్టుకుని ఉంటుంది. ఎల్‌పీఎస్ కబురు అందగానే ఐకేకే అనే కైనేజ్ వచ్చి ఆ కాపలాదారు మీద 32, 36 స్థానాల్లోని సెరీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ గుర్తు పడ్డాక 'పారేయండి' అన్న చీటీలా యుబిక్విటిన్ అంటుకుంటుంది, ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రం ప్రొటియాజోమ్ దాన్ని నమిలేస్తుంది. పట్టు వదిలాక పి65, దాని జంట పి50 కలిసి కేంద్రకంలోకి పోతాయి, ఈ జంటే ఎన్ఎఫ్-కప్పా బి. ఇదంతా పరీక్షలో పది మార్కులకు రాసినదాన్నే. రాసింది చేతికి రావడానికి ఒక బ్లాట్ ఖర్చయింది.

మార్చి 17

కేంద్రకాన్ని, సైటోప్లాజాన్ని వేరు చేయడం నేర్చుకుంటున్నాను. ముందు తక్కువ ఉప్పున్న బఫర్‌లో కణాలు ఉబ్బేలా చేయాలి. తర్వాత కొంచెం ఎన్‌పీ-40 వేస్తే బయటి పొర పగిలి సైటోప్లాజం బయటికి వస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కేంద్రకాలు అడుగున చేరతాయి. వాటిని ఎక్కువ ఉప్పున్న బఫర్‌లో నానబెడితే లోపలి ప్రొటీన్లు వస్తాయి. అంతా ఐస్ మీదే జరగాలి. డిటర్జెంట్ పోశాక అరనిమిషం ఎక్కువైతే కేంద్రకాలూ చిట్లి జిగురు దారాల్లా డీఎన్ఏ తేలుతుంది. పిపెట్ కొనకు ఆ జిగురు అంటుకుంటే ఆ రోజు పని అయిపోయినట్టే. నాకు మూడుసార్లు అంటుకుంది.

నాలుగోసారి ఫ్రాక్షన్లు శుభ్రంగా వచ్చాయి. కానీ ఇంకో బోల్తా. కేంద్రకం కంట్రోల్‌గా, అక్కడే ఉండే ప్రొటీన్ లామిన్ బీ1 పెట్టుకున్నాను, అందరూ పెడతారు కాబట్టి. లామిన్ బీ1 బరువు దాదాపు 66-68 కిలోడాల్టన్లు. పి65 పేరులోనే ఉంది, 65. ఒకే మెంబ్రేన్‌ని (ప్రొటీన్లు అంటించిన పొర) రెండోసారి ఇంకో యాంటీబాడీతో చూస్తే ఏది ఏదో ఎవరు చెప్పగలరు? 65 దగ్గర అన్ని లేన్లలోనూ దిట్టమైన బ్యాండ్ చూసి పి65 అనుకుని మురిసిపోయాను. అక్క వచ్చి "ఇది నీ పాత లామిన్" అంది. ఇప్పుడు హిస్టోన్ హెచ్3 వాడుతున్నాను. 17 కిలోడాల్టన్లు, మెంబ్రేన్ అడుగున దాని దారిన అది ఉంటుంది. సైటోప్లాజానికి ట్యూబ్యులిన్. కేంద్రకం లేన్‌లో ట్యూబ్యులిన్ కనిపిస్తే ఆ శాంపిల్ పారేయడమే.

మార్చి 24

ఉగాది సెలవుకు ఇంటికి వెళ్లొచ్చాక చేసిన బ్లాట్ ఇది. నోట్‌బుక్‌లో అతికించుకున్నాను.

కేంద్రకం వైపు: 0 దగ్గర పి65 దాదాపు లేదు. 15 నిమిషాలకు వచ్చింది, 30కి నిండుగా ఉంది. సైటోప్లాజం వైపు ఐకప్పాబి-ఆల్ఫా: 0 దగ్గర గట్టిగా ఉంది, 15కి పలచబడింది, 30కి పూర్తిగా మాయం. 60 నిమిషాల లేన్‌లో మళ్లీ ప్రత్యక్షం!

ఆ తిరిగొచ్చిన బ్యాండ్‌ని చూస్తూ చాలాసేపు ఇమేజర్ ముందే కూర్చున్నాను. కాపలాదారు తిరిగొచ్చింది ఎక్కడి నుంచో కాదు. ఐకప్పాబి-ఆల్ఫా జన్యువును నడిపేది ఎన్ఎఫ్-కప్పా బియే. విడుదలైన ఖైదీ చేసే మొదటి పనుల్లో ఒకటి తన జైలరును తిరిగి పుట్టించడం. కొత్తగా తయారైన ఐకప్పాబి కేంద్రకంలోకి వెళ్లి, డీఎన్ఏ మీద కూర్చున్న పి65ని లేపి, బయటికి నడిపించుకొస్తుంది. ఉద్దీపన ఇంకా ఉంటే మళ్లీ విరుగుతుంది, మళ్లీ పుడుతుంది. టీఎన్ఎఫ్ (ఐఎల్-6 లాంటి ఇంకో వాపు సంకేతం) తగిలించిన ఒక్కొక్క కణాన్నీ విడిగా మైక్రోస్కోప్‌లో చూసినవాళ్లకు పి65 దాదాపు 100 నిమిషాలకోసారి లోపలికీ బయటికీ ఊగడం కనిపించింది. నా బ్లాట్‌లో లక్షల కణాలు కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఆ ఊపు కనిపించదు, సగటే కనిపిస్తుంది. పైగా ఎల్‌పీఎస్ విషయంలో టీఎల్ఆర్4 నుంచి రెండు దారులున్నాయి, ఒకటి మైడీ88 అనే ప్రొటీన్ మీదుగా వెంటనే, ఇంకోటి ట్రిఫ్ అనే ప్రొటీన్ మీదుగా కాస్త ఆలస్యంగా. రెండూ కలిసి ఆ ఊపును చదును చేసేస్తాయి.

రాత్రి అమ్మ ఫోన్ చేస్తే ఉత్సాహం ఆపుకోలేక ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "వాపు తగ్గడానికేనా ఇదంతా? పసుపు పాలు తాగితే చాలు కదే" అంది. అమ్మనేం అనగలం, మన దేశంలో ఈ ఫ్యాక్టర్ మీద పనిచేసే ల్యాబుల్లోనూ ఎవరో ఒకరు పసుపు దగ్గరికి వెళ్లకుండా ఉండరు. కర్కుమిన్ మామూలు పీహెచ్ దగ్గర త్వరగా విరిగిపోతుంది, సొంతంగా మెరుస్తుంది, రకరకాల ప్రొటీన్లకు అంటుకుని పరీక్షల్ని తప్పుదోవ పట్టిస్తుంది. గిన్నెలో పనిచేసినట్టు కనిపించినంత మాత్రాన ఒంట్లో పనిచేస్తుందని చెప్పలేం. నా ప్రాజెక్టులో పసుపు లేదు. కూరలో ఉంటుంది.

ఏప్రిల్ 11

చెత్త వారం. ఎల్‌పీఎస్ వేయని కంట్రోల్ కణాల్లోనే కేంద్రకంలో పి65 కనిపిస్తోంది. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ అంతే. క్యూపీసీఆర్‌కి (ఎంఆర్ఎన్ఏ ఎంతుందో కొలిచే పరీక్ష) తీసిన శాంపిల్లో టీఎన్ఎఫ్ ఎంఆర్ఎన్ఏ కూడా కంట్రోల్లోనే పైకి వెళ్లిపోయింది. వేసవి కరెంటు కోతల్లో ఇన్‌క్యుబేటర్ ఆగిందేమో అని లాగ్ చూశాను, ఆగలేదు. కణాల్లో కంటికి కనిపించకుండా చేరే మైకోప్లాస్మా బ్యాక్టీరియా కోసం పరీక్ష చేశాను, లేదు.

కణాల్ని సరిగ్గా చూసి ఉంటే రెండు వారాల ముందే తెలిసేది. సగ్గుబియ్యం కాదు, సగానికి సగం కొమ్మలేసి ఉన్నాయి.

ఏప్రిల్ 18

దొంగ దొరికింది.

మేడమ్ చెప్పిన ఉపాయం చాలా సింపుల్. కంట్రోల్ కణాలకు పాలిమిక్సిన్ బీ కలిపి చూడమన్నారు. ఈ యాంటీబయాటిక్ ఎల్‌పీఎస్‌లోని లిపిడ్ ఏ భాగానికి అతుక్కుని దాని కోర పీకేస్తుంది. పాలిమిక్సిన్ కలపగానే కంట్రోల్లో టీఎన్ఎఫ్ పడిపోయింది. అంటే నేను వేయకుండానే ఎక్కడి నుంచో ఎల్‌పీఎస్ వస్తోంది.

ఒక్కొక్క సీసా తీసేసి చూశాను. మీడియం కాదు, సీరం కాదు. నేనే తయారుచేసి ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడిలో ఆవిరితో వేడి చేసి) పెట్టుకున్న పీబీఎస్, కణాల్ని కడిగే ఉప్పు ద్రావణం! ఆటోక్లేవ్ బ్యాక్టీరియాను చంపుతుంది. చచ్చిన బ్యాక్టీరియా పొర మాత్రం అలాగే ఉంటుంది, ఎల్‌పీఎస్ ఆ వేడికి చలించదు. గాజు సామాను మీద దాన్ని వదిలించాలంటే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంటైనా ఉంచాలి. నీళ్లలో ఉంటే అదీ కుదరదు. శుభ్రమైన సీసా అనుకుని, చచ్చిన బ్యాక్టీరియా రసంతో నెల రోజులు కణాల్ని కడిగాను.

ఈ తప్పు మామూలు కణాలతో పనిచేసేవాళ్లకు తెలియకుండానే గడిచిపోతుంది. మాక్రోఫేజ్ మాత్రం క్షమించదు, దాని పుట్టుకే అందుకు. ఎండోటాక్సిన్ (ఎల్‌పీఎస్‌కే ఇంకో పేరు) లేని పీబీఎస్ కొనమని ఇండెంట్ పెట్టాను. ఏప్రిల్ నెల డేటా మొత్తం నోట్‌బుక్‌లో ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

మే 9

క్యూపీసీఆర్ రోజులు. ఆర్ఎన్ఏ తీయడం, డీఎన్ఏజ్, సీడీఎన్ఏ, ప్రైమర్లు. ఇందులో చెప్పుకోవాల్సింది ఒక్కటే. పోలికకు స్థిరమైన జన్యువుగా గాప్డ్ వాడబోతే అక్క ఆపింది. రెచ్చిపోయిన మాక్రోఫేజ్ చక్కెర వాడకాన్ని బాగా పెంచుతుంది, గాప్డ్ ఆ చక్కెర దారిలోని ఎంజైమే. కొలబద్దే సాగితే కొలత ఏం నిలుస్తుంది? హెచ్‌పీఆర్‌టీకి మారాను.

ఫలితం: టీఎన్ఎఫ్ అరగంటకే లేచింది, గంటకు శిఖరం మీద ఉంది. ఐకప్పాబి-ఆల్ఫా ఎంఆర్ఎన్ఏ కూడా దానితోపాటే. ఐఎల్-6 గంట దగ్గర కూడా దాదాపు నిద్రే. రెండు గంటలకు కదిలింది, నాలుగు గంటలకు ఎక్కడికో వెళ్లిపోయింది. మేడమ్ బోర్డు మీద గీసిన గీతలే, ఇప్పుడు నా చేత్తో.

మూడింటి ప్రమోటర్ల (జన్యువు చదవడం మొదలయ్యే చోట్లు) దగ్గరా కప్పా బి అక్షరాల వరుస ఉంది. మొదట దొరికిన వరుస ఇది: జీజీజీఏసీటీటీటీసీసీ, పది అక్షరాలు. ఒక్కో జన్యువు దగ్గర అటూఇటూగా మారుతుంది. పి65 అరగంటకే కేంద్రకంలో ఉంది. గుర్తూ ఉంది, గుర్తుపట్టేవాడూ ఉన్నాడు, అయినా ఐఎల్-6 రెండు గంటలు ఎవరికోసం ఆగింది?

మే 23

సైక్లోహెక్సిమైడ్ ప్రయోగం. ఈ మందు ఇస్తే కణం కొత్త ప్రొటీన్లు తయారు చేయలేదు, ముందే ఉన్నవాటితోనే నెట్టుకురావాలి. 1986లో వాడిన ఎత్తే ఇది, నలభై ఏళ్ల తర్వాత నేను ఇంకో ప్రశ్నకు వాడుతున్నాను.

టీఎన్ఎఫ్ తగ్గలేదు, సరికదా ఇంకా పెరిగింది. మొదట కంగారు పడ్డాను గానీ ఆలోచిస్తే సబబే. కాపలాదారు మళ్లీ తయారవలేదు కాబట్టి పి65ని వెనక్కి లాగేవాళ్లు లేరు, ఎంఆర్ఎన్ఏని విరిచే ప్రొటీన్లూ కొత్తగా రాలేదు. ఐఎల్-6 మాత్రం చతికిలపడింది. అంటే ఐఎల్-6కి పి65 ఒక్కటే చాలదు. ఎల్‌పీఎస్ తగిలాక కొత్తగా పుట్టాల్సినవాళ్లు ఎవరో ఉన్నారు.

ఎవరన్నది పేపర్లలో ఉంది. ఐకప్పాబి-జీటా ఒకటి. పేరు కాపలాదారుల కుటుంబానిదే, పని మాత్రం తారుమారు: అది కేంద్రకంలో పి50తో కూడి ఐఎల్-6ని లేపుతుంది. జపాన్‌లో షిజువో అకిరా బృందం 2004లో ఈ జన్యువు లేని ఎలుకల్లో చూపించింది. ఇంకోటి సీ/ఈబీపీ-డెల్టా, ఇది సొంతంగా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్. ఈ రెండింటినీ మొదలుపెట్టేది మళ్లీ ఎన్ఎఫ్-కప్పా బియే. తను వెళ్లి, ఇంకో ఇద్దర్ని పిలుచుకొచ్చి, ముగ్గురూ కలిసి సంతకం పెడితేనే ఐఎల్-6 ఫైలు కదులుతుంది. ప్రభుత్వాఫీసు చూసినవాళ్లకు ఇది అర్థం కావడం కష్టమేం కాదు.

ఇంకో అడ్డంకి కూడా ఉంది. టీఎన్ఎఫ్ ప్రమోటర్ దగ్గర డీఎన్ఏ మాక్రోఫేజ్‌లో ముందే విప్పి ఉంటుంది. ఐఎల్-6 దగ్గర న్యూక్లియోజోములు (డీఎన్ఏ చుట్టుకున్న ప్రొటీన్ ఉండలు) బిగిసి ఉంటాయి, వాటిని పక్కకు జరిపే స్విచ్-స్నిఫ్ యంత్రం రావాలి.

జూన్ 6

జర్నల్ క్లబ్‌లో (పేపర్లు చదివి చర్చించే సమావేశం) నా వంతు. ఒకే ప్రశ్న మీద మాట్లాడాను: పి65 అన్ని కణాల్లోనూ ఒకటే అయినప్పుడు మాక్రోఫేజ్‌లో ఒక జన్యువుల జట్టునీ, బీ కణంలో ఇంకో జట్టునీ ఎందుకు లేపుతుంది?

2010లో రెండు బృందాలు, శాన్ డియెగోలో క్రిస్టఫర్ గ్లాస్‌ది, ఇటలీలో జొయాకీనో నతోలీది, దాదాపు ఒకే సమయంలో పీయూ.1 అనే ఇంకో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ వైపు వేలు చూపించాయి. మాక్రోఫేజ్ పుడుతున్నప్పుడే పీయూ.1 వేల చోట్ల డీఎన్ఏని విప్పి గుడారాలు వేసుకుని కూర్చుంటుంది. తర్వాతెప్పుడో ఎల్‌పీఎస్ కబురుతో పరుగెత్తుకొచ్చే పి65 ఎక్కువగా ఆ విప్పిన చోట్లకే చేరుతుంది. హడావిడి చేసేది పి65, పొలం దున్ని పెట్టింది పీయూ.1.

టీ కణాల్లోనూ ఇలాంటి పెద్దమనుషులున్నారు: టీ-బెట్, గాటా3, రోర్-గామా-టీ, ఫాక్స్‌పీ3. ఫాక్స్‌పీ3 పాడైతే మిగతా రక్షణ కణాల్ని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టీ కణాలు నిలవవు, రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే పడుతుంది. పిల్లల్లో వచ్చే ఐపెక్స్ అనే తీవ్రమైన జబ్బు అదే. 2025 నోబెల్ ఆ కథకే వచ్చింది. నేను స్లైడులో మేరీ బ్రన్‌కోవ్, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగూచి ఫొటోలు పెట్టాను. ప్రశ్నల సమయంలో ఒక సార్ "మీ పి65 గురించి చెప్పండమ్మా, నోబెళ్ల గురించి టీవీలో చూశాం" అన్నారు. న్యాయమే.

జూన్ 27

చిప్, అంటే ఒక ప్రొటీన్ డీఎన్ఏ మీద ఎక్కడ కూర్చుందో చూసే పరీక్ష. ల్యాబ్‌లో ఈ పేరు ఎత్తితే అందరూ జాలిగా చూస్తారు.

1 శాతం ఫార్మాల్డిహైడ్‌తో పది నిమిషాలు, డీఎన్ఏ మీద కూర్చున్న ప్రొటీన్లను కూర్చున్నచోటే అతికించేయాలి. గ్లైసిన్‌తో ఆపాలి. సోనికేటర్‌తో (శబ్ద తరంగాలతో పగలగొట్టే పరికరం) క్రోమాటిన్‌ని, అంటే ప్రొటీన్లతో కలిసి ఉన్న డీఎన్ఏని, 200 నుంచి 500 బేస్‌ల ముక్కలు చేయాలి. పి65 యాంటీబాడీతో లాగి, అతుకులు విప్పి, చేతికొచ్చిన డీఎన్ఏలో ఏ ప్రమోటర్ ఎంతుందో క్యూపీసీఆర్‌లో చూడాలి.

మొదటిసారి సోనికేటర్ కొన ద్రవం పైకి వచ్చేసి నురగ కట్టింది. నురగొస్తే ప్రొటీన్ పాడైనట్టే. రెండోసారి ముక్కలు జెల్ మీద 1,000 పైనే ఆగిపోయాయి, ఎక్కువ కణాలు తక్కువ బఫర్‌లో కుక్కాను. మూడోసారి ముక్కలు బాగున్నాయి కానీ యాంటీబాడీ ట్యూబు, ఉత్త ఐజీజీ (పి65ని పట్టని మామూలు యాంటీబాడీ) ట్యూబు ఒకే అంకె చూపించాయి. బ్లాట్‌లో అద్భుతంగా పనిచేసిన యాంటీబాడీ ఇక్కడ పనికిరాలేదు. బ్లాట్‌లో ప్రొటీన్ విప్పారి ఉంటుంది, ఇక్కడ ఫార్మాల్డిహైడ్‌తో బిగుసుకుని ఉంటుంది. యాంటీబాడీ పట్టుకునే మొన లోపల మూసుకుపోయి ఉంటే అది ఏం చేస్తుంది? పక్క ల్యాబ్ అన్నని బతిమాలి, చిప్‌కి పనికొచ్చే పి65 యాంటీబాడీ కొంచెం అప్పు తెచ్చుకున్నాను.

జూలై 10

వచ్చింది. ఐకప్పాబి-ఆల్ఫా ప్రమోటర్ మీద పి65 అరగంటకే కూర్చుని ఉంది. ఐఎల్-6 ప్రమోటర్ మీద అరగంటకు ఐజీజీ కంటే కాస్త ఎక్కువ, అంతే. రెండు గంటలకు బాగా పెరిగింది. జన్యువులేవీ లేని ఎడారి ప్రాంతం ఒకటి నెగటివ్ కంట్రోల్‌గా పెట్టాను, అక్కడ రెండు సమయాల్లోనూ ఏమీ లేదు.

పి65 ఒకే కేంద్రకంలో ఉండి కూడా ఒక చోటికి వెంటనే, ఇంకో చోటికి ఆలస్యంగా వెళ్తోంది. ఇలా రెండు అలలుగా చేరుతుందని నతోలీ వాళ్లు 2001లోనే రాశారు. నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. అయినా ఆ గ్రాఫ్ ప్రింట్ తీసి మేడమ్ టేబుల్ మీద పెట్టినప్పుడు చేతులు చల్లబడ్డాయి. ఆమె చూసి, "ఒకసారే చేశావు. ఇంకో రెండుసార్లు చెయ్యి" అన్నారు.

పాఠాల్లో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ని స్విచ్ అని రాస్తాం. నేనూ ప్రపోజల్ మొదటి వాక్యంలో అదే రాశాను. ఇవాళ ఆ వాక్యం కొట్టేశాను. స్విచ్ నొక్కితే అన్ని బల్బులూ ఒకేసారి వెలగాలి. ఇక్కడ వైరింగ్ ముందే ఎవరో వేసి ఉంచాలి, కొన్ని బల్బులకు హోల్డర్లు నొక్కిన తర్వాత బిగుస్తాయి, నొక్కిన వేలిని వెనక్కి లాగే ఏర్పాటూ అదే బోర్డులో ఉంది. దీనికి ఒక్క మాట ఏముందో నాకు దొరకలేదు.

జూలై 19

మిగిలిన ప్రశ్న: ఈ ఆలస్యం కణానికి ఎందుకు పనికొస్తుంది? ఒక ఊహ ఇదివరకే ఉంది. బ్యాక్టీరియా ముక్క ఒకటి అలా తగిలి పోతే టీఎన్ఎఫ్ చాలు. నిజంగా దాడి కొనసాగుతుంటేనే సీ/ఈబీపీ-డెల్టా పోగై ఐఎల్-6 దాకా వెళ్తుంది. అంటే ఆలస్యమే ఒక వడపోత. జ్వరం తెప్పించే, కాలేయంతో సీఆర్‌పీ తయారు చేయించే సంకేతాన్ని ప్రతి చిన్న తాకిడికీ వదిలితే ఒళ్లు తట్టుకోదు.

చూడ్డానికి ఒక సెట్‌కి ఎల్‌పీఎస్ అరగంట మాత్రమే ఇచ్చి కడిగేశాను, ఇంకో సెట్‌కి నాలుగు గంటలూ ఉంచాను. కడిగిన కణాల్లో గంట దగ్గర టీఎన్ఎఫ్ బాగానే ఉంది, నాలుగు గంటల దగ్గర ఐఎల్-6 తక్కువే, కానీ అనుకున్నంత తక్కువ కాదు. మేడమ్ దీన్ని ఒప్పుకోలేదు. ఎల్‌పీఎస్ ప్లాస్టిక్‌కీ కణాలకీ జిగటగా అంటుకుంటుంది, మూడుసార్లు కడిగినా పూర్తిగా పోదు. పీబీఎస్ సీసాతో ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలియాలి! కడిగాక టాక్-242 వేసి టీఎల్ఆర్4నే మూసేయాలి. ఆ మందు ఫ్రీజర్‌లో ఉంది, ముందు దాని డోసు సరిచూడాలి. కణాలు ప్రస్తుతం పాసేజ్ 17. కొత్త వయల్ రేపు తీస్తున్నాను.